కంట్రాక్టుదారుని యింట కాగితము



2025 వ సంవత్సరము వైశాఖమాసమున నొకనాటి ప్రొద్దుగ్రుంకువేళ మా తోడికోడలు మా యింటికి వచ్చి, వంటయింటి గడపప్రక్కను గూర్చుండి, కొంగుముడి విప్పి యొక చీటిని నా చేతికిచ్చినది. అది ఆమె కాసులపేరును, నాలుగు గాజులను కుదువబెట్టుకొని బ్యాంకువా రిచ్చిన రసీదు. కొంతసేపు మాటలేవియు నాడక నా ముఖమువంకనే చూచుచుండి, తుదకు "అక్కయ్యా! పని బాగుగనే జరిగినదట. కట్టడమును చూచినవా రెల్లరు మెచ్చుకొనుచున్నారట. మఱి నా నగ లెక్కడికి పోయినట్లు?" అని యడిగినది.

ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచు నేను రెండు నెలలు కాగితములతో గడపితిని. ఆ వెదకుటలో దెలిసిన సంగతులు కంట్రాక్టుపనులు చేయువారి యిండ్లలోని స్త్రీలకు పనికివచ్చునని తోచి యీ వ్యాసము వ్రాయుచున్నాను. నేను బడిపంతులుగారి భార్యను. మా తండ్రిగారివద్ద కావ్యములు, కొంచెము వ్యాకరణము, లీలావతీగణితము చదువుకొంటిని గాని, యే కచేరిలోను కలముపట్టినదానను గాను. కావున నేను చెప్పునది యింటనుండి చూచిన విషయమే.

మా మరిది పాలిటెక్నిక్కులో సివిలు డిప్లొమా చదివి, యెనిమిదేండ్లుగా కట్టడపు పనులు చేయించుచున్నాడు. మొదట పెంకుటిండ్లకు మరమ్మతులు, పిదప చిన్న డాబాలు, పిదప కొబ్బరి వ్యాపారులకు గోడౌనులు కట్టించెను. 2024 వ సంవత్సరమున సమీపపు పట్టణములో నొక వర్తకుడు రెండంతస్తుల యంగళ్ల కట్టడము కట్టింపదలచి యితనిని పిలిచెను. అంత పెద్ద వాణిజ్యపు కట్టడము మావానికి మొదటిది. ఆ యుబ్బులో పడి ధర చెప్పెను. ఆషాఢమాసమున పునాది త్రవ్వించెను.

ఆషాఢమున పునాది యనగానే కోనసీమ పాఠకురాండ్రు నవ్వుకొందురు. మా అప్పనపల్లి వైనతేయ గోదావరి గట్టున నున్నది. ఇచ్చటి నేల నల్లని బంకమన్ను. రెండు మూడడుగులు త్రవ్విన నీరూరు చోట్లు పెక్కు గలవు. ఎగువను వానలు కురిసి గోదావరి పొంగెనా, లంకలకు పడవలే గతి. 2022 జూలైలో వచ్చిన వరద నెవరును మఱచియుండరు. ఇట్టి సీమలో పునాది ధరను వేసవిలెక్కన చెప్పి పనిని వర్షాకాలమున మొదలిడుట మా మరిది చేసిన మొదటి తప్పు. అయిన నది మేస్త్రీలెల్లరు నెఱిగిన తప్పే. తక్కినవి కాగితములో దాగియున్నవి.

కట్టడమునకు ముందు కాగితము నడుచుట మా సీమకు క్రొత్త గాదు. మా పొలములకు కాలువనీరు వచ్చుటయే యొక కట్టడము చలవ. ఆర్థరు కాటన్ దొరగారు 1844, 1845 సంవత్సరములలో గోదావరి మండలమునుగూర్చి ప్రభుత్వమునకు నివేదికలు పంపిరి. ఆనకట్టకు రాయి యెచ్చట దొరకును, ఎంత వ్యయమగును, ఎంత భూమి పండును, ఎంత శిస్తు పెరుగును అను లెక్కలన్నియు గుదిరిన పిమ్మటగదా 1847 లో ధవళేశ్వరమువద్ద పని యారంభమై 1852 నాటికి ముగిసినది! ఆ కాలముననే హేగ్ అను ఇంజనీరు చేతిమీదుగా గన్నవరమువద్ద వైనతేయముపై 49 ఖానాల అక్విడక్టు లేచి, కాలువనీటిని నదిమీదుగా దాటించి నగరపు దీవికి, అనగా మా వైపునకు, తెచ్చినది. దాని ప్రక్కను 2000 లో క్రొత్తది కట్టినారు. చిన్నతనమున నేను దానిమీదుగా పోవునప్పుడు నీరు నీటిమీద నడచుచున్నదని యాశ్చర్యపడుచుంటిని. ఇప్పుడు మాత్రము, దీనికి కూలిలెక్క వ్రాసిన గుమాస్తా యెవ్వడో గదా యని తలచుచుందును.

ఇక మా మరిది లెక్కకు వత్తము.

అతడు సామానులకును కూలికిని గలిపి ముప్పది లక్షలు ఖర్చగునని తేల్చి, దానిపై నూటికి పదునైదు చొప్పున లాభము వేసి, రు. 34,50,000 అని చెప్పెను. యజమాని బేరమాడి "ముప్పదిమూడు లక్షలకు సరిచేయుము; లక్షన్నర యొక లెక్కలోనిదా?" అనెను. మావాడు సరే ననెను. ధరనుబట్టి చూచిన లక్షన్నర నూటికి నాలుగున్నరకైనను చాలదు. కాని యది తగ్గినది ధరలోనుండి కాదు. సిమెంటువాడు తగ్గింపడు, ఇనుమువాడు తగ్గింపడు, తాపీమేస్త్రి తగ్గింపడు. తగ్గిన లక్షన్నరయు నాలుగున్నర లక్షల లాభములోనుండియే పోయినది. అనగా మాటవరుస కొక్కమాటతో మా మరిది తన లాభమున మూడవవంతు వదలుకొనెను. ఈ సంగతిని నేను పలకమీద వ్రాసి చూపువఱకు అతనికి దోచనే లేదు.

ఇచ్చట నింకొక మోసము గలదు. దానిని మా వారు బడిలో పిల్లలకు చెప్పుచుందురు. ఖర్చుపై పదునైదు వేయుట వేఱు, ధరలో పదునైదు మిగులుట వేఱు. ముప్పది లక్షలపై పదునైదు వేసిన వచ్చునది నాలుగున్నర లక్షలు. అది ముప్పదినాలుగున్నర లక్షల ధరలో నూటికి పదుమూడు మాత్రమే. ధరలో నూటికి పదునైదు మిగులవలె నన్నచో, ఖర్చును 85 చే భాగించి 100 చే హెచ్చింపవలెను, అప్పుడు రు. 35,29,412 వచ్చును. ఈ రెంటికిని నడుమనున్న భేదము దాదాపు ఎనుబదివేలు. మా మరిది సంవత్సరాంతమున "వచ్చిన సొమ్ములో నూటికి పదునైదు నాది" యని తలచి యింటిఖర్చు పెట్టుకొనుచుండెను. అట్టివానికి ప్రతియేటను కొంత తక్కువ పడుచునే యుండును. ఎందుల కది తక్కువ పడుచున్నదో తెలియకయు నుండును.

భాస్కరాచార్యులవారు 1150 ప్రాంతమున రచించిన లీలావతిలో నిటుకల గుట్టను లెక్కించు ప్రకరణ మొకటి యున్నది. గుట్ట పరిమాణమును ఒక్క యిటుక పరిమాణముచే భాగించిన నిటుకల సంఖ్య వచ్చును. బాల్యమున నది నాకు మిక్కిలి యిష్టమైన లెక్క. అయితే యా గుట్టలో విరిగిన యిటుకలు లేవు. లారీ దింపునప్పుడు దొంగిలబడిన యిటుకలు లేవు. ఇటుకకు నిటుకకు నడుమ సిమెంటు లేదు. లారీ రాక కూలివాండ్రు మధ్యాహ్నమువఱకు చెట్టుక్రింద గూర్చున్న కూలి లేదు. మా మరిది వేసిన ముప్పదిలక్షల లెక్కయు లీలావతిలోని లెక్కవంటిదే. సామానులు, కూలి రెండే యందున్నవి. కాగితములన్నియు నేలపై పఱచి, అతనిని ప్రక్కను గూర్చుండబెట్టుకొని, లెక్కలోనికి రాని ఖర్చులను నేనొక్కొక్కటిగ పైకిదీసితిని.

పునాదిగోతులలో నీరు తోడుటకు మోటార్ల అద్దె, డీసెలు, మన్ను విఱిగిపడకుండ సరుగుడు బాదులతో కట్టిన దడి, వీనికి రు. 85,000. కావలివాని జీతము, మోటారుసైకిలు పెట్రోలు, సెల్ఫోను, నకళ్లు, పటములు గీచినవాని రుసుము మున్నగువానికి రు. 70,000. ఇసుకలో నలువదివేలు. ఇది యెట్లనగా, ఇసుకను యూనిట్ల లెక్కన, అనగా నూఱు ఘనపుటడుగులను యూనిట్టుగా, కొందుము. కొంచెము తడి తగిలిన యిసుక పొంగును. అయిదాఱు శాతము తడి యున్నచో నాలుగవవంతు దాక నెక్కువ చోటు నాక్రమించును. వానకాలమున లారీనిండ వచ్చిన యిసుక ఎండిన పిదప లారీనిండ నుండదు. కొలతకు ధర యిచ్చితిమి. పనిలోనికి వచ్చునప్పటికి కొలత తగ్గిపోయినది. వంటయింటిలో బియ్యపుపిండికిని తడిపిండికిని భేద మెఱిగిన మనము దీనిని వెంటనే గ్రహింతుము.

నాలుగవది వడ్డీ. ఒప్పందము ప్రకారము మొదట మూడులక్షలు, తరువాత మొదటి స్లాబు వేయువఱకు మఱేమియు లేదు. ఆ నడుమ సిమెంటునకు, ఇనుమునకు, ప్రతి శనివారము కూలికి కావలసిన సొమ్ము మావాడు తెచ్చి పెట్టవలెను. అది మా తోడికోడలి మెడలోనుండి వచ్చినది. యజమాని కట్టడమునకు ఆమె నగలు పెట్టుబడి యైనవి; వడ్డీ మాత్రము మేమే కట్టితిమి. అది రు. 60,000. ఈ నాలుగును గలిపిన రెండులక్షల యేబదియైదువేలు. మిగిలిన మూడులక్షల లాభములో నవి పోగా నిలిచినది నలువదియైదువేలు. పదునొకండు మాసముల పనికి, ఎండకు వానకు దిరిగిన తిరుగుడునకు నలువదియైదువేలు!

"వదినా! ఇవి యెల్లవారికిని ఉండునవే కదా, వీనిని కూడ వ్రాసిన పని నాకు వచ్చునా?" అని మా మరిది యనెను. ఎల్లవారికి నుండునవి కనుకనే ధరలో నుండవలె నని నేనంటిని. అతడు మాటాడలేదు.

సామానుల లెక్కను మాత్రము తప్పు బట్టుటకు లేదు; అది చదువుకొన్నవాడు గనుక నేర్పుతో చేసెను. నాకును నేర్పినాడు. ఒకటికి రెండు, నాలుగు పాళ్ల కాంక్రీటు ఒక ఘనమీటరు కావలెనన్న, పొడిసామాను ఒకటిన్నరకు పైగా, అనగా 1.54 ఘనమీటర్లు, కావలెను. తడిపి దట్టించిన నది కుదించుకొనిపోవును. దానిలో నేడవవంతు సిమెంటు. అది తూకమున సుమారు 317 కిలోలు, అనగా ఏబది కిలోల బస్తాలు ఆఱింటికి మించును. స్త్రీ యీ యొక్క లెక్క నేర్చుకొన్నను, ఇంటికి వచ్చు సిమెంటు బిల్లును చూచి "ఈ స్లాబునకు నిన్ని బస్తా లెందుకు?" అని యడుగగలదు. అట్లడిగిన మొదటివారము మాయింట కొంత గొడవ జరిగినది. రెండవవారమునుండి బస్తాలు లెక్కకు సరిపోవుచున్నవి.

ఇక పన్నుల సంగతి క్లుప్తముగా జెప్పెదను. అంగళ్లవంటి కట్టడపు కంట్రాక్టుపై జి.యస్‌.టి. నూటికి పదునెనిమిది. "అంతయు గలిపి పదిలక్షలు" అని మాట యిచ్చినవాడు పదిలక్షలకు పని చేయుటలేదు, అందులో రు. 1,52,542 పన్ను, అతని ధర రు. 8,47,458 మాత్రమే. సిమెంటుమీద, ఇనుముమీద తాను కట్టిన పన్నును దానిలో దగ్గించుకొనవచ్చును గాని, అమ్మినవాడు సరియైన బిల్లిచ్చి, తన లెక్కలో దానిని చూపియుండవలెను. తెల్లచీటిమీద సామాను కొన్నవానికి ఆ వెసులుబాటు లేదు. మా మరిది యొప్పందములో "పన్ను వేఱుగా" అను మాట యుండుటచే బ్రతికిపోయితిమి. ఆ మాట వ్రాసినది యజమాని గుమాస్తా, మావాడు గాడు! 2025 సెప్టెంబరు 22 నుండి సిమెంటుమీది పన్ను ఇరువదియెనిమిదినుండి పదునెనిమిదికి దిగినది. ఇట్టి మార్పు పనినడుమ వచ్చిన నెవరి లాభము, పెరిగిన నెవరి నష్టము అను వాక్యము కూడ ఒప్పందములో నుండదగినదే. బిల్లు చెల్లించునప్పుడు కొందఱు యజమానులు ఆదాయపుపన్ను క్రింద నూటికొక రూపాయి పట్టుకొందురు. అది పోయిన సొమ్ము గాదు. మన పాన్ లెక్కలో జమపడినదా లేదా చూచుకొని సంవత్సరాంతమున సరిపెట్టుకొనవలెను. చూచుకొననివారికి మాత్రమది పోయిన సొమ్మే.

నగలు నలువదియైదువేల లాభముతో పోలేదు. పోయినది వేఱొకచోట.

పని సగములో నుండగా యజమాని యొకనాడు వచ్చి మెట్లకు గ్రానైటు పఱపు మనెను. ఇంకొకనాడు షట్టర్లు వెడల్పు చేయుమనెను. డాబాపై నొక గది, పెరటిలో పెద్ద నీళ్లతొట్టి, ఇట్లు పెరుగుచు వచ్చినవి. అన్నిటికిని "చేయుము, చూచుకొందము" అనుటయే. మావాడు చేసెను. అన్నియు గలిపి రు. 4,60,000 అయినవి. కడపటి బిల్లులో వీనిని వేయగా యజమాని "ఇవన్నియు ముప్పదిమూడు లక్షలలోనివే గదా! వేఱుగా నిత్తునని నేనెప్పుడు చెప్పితిని?" అనెను. నలువదియైదువేల లాభమునుండి నాలుగులక్షల అఱువదివేలు తీసివేసి చూడుడు. మా తోడికోడలి కాసులపేరు కనబడును.

ఆ యజమాని దుర్మార్గుడని నేను వ్రాయను. అతనికి నిజముగనే జ్ఞాపకము లేదేమో! సొమ్మిచ్చువానికి మఱపును, పుచ్చుకొనువానికి జ్ఞాపకమును లోకసహజములు. ఈ సహజము నెఱిగియే మన పెద్దలు కాగితమునకు మొదటిపీట వేసిరి. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారమున ప్రమాణములు మూడని చెప్పుచు లిఖితము, భుక్తి, సాక్షులు అని లెక్కించినది, లిఖితము మొదటిది. కేతన తెలుగుచేసిన విజ్ఞానేశ్వరీయమును మా తండ్రిగారు నాచేత చదివించునప్పుడు, పత్రములు, సాక్షులు, తాకట్టులు ఆడపిల్ల కెందుకని మా నాయనమ్మ సణుగుచుండెడిది. ఆమె యిప్పుడున్నచో తోడికోడలి చీటిని చూపియుందును.

మా మరిదికి లిఖితమే లేదనుకొంటిమి. ఉన్నది గాని యొకచోట లేదు. కొంత మోటారుసైకిలు పెట్టెలో, కొంత పని జరుగుచోట సిమెంటు బస్తాలనడుమ, కొంత పాత బియ్యపుడబ్బాలో, తక్కినది సెల్ఫోనులో నున్నది. వేబ్రిడ్జి తూకపు చీటీలను చూతుము గదా, అక్షరములు వెలిసిపోయి తెల్లకాగితములైనవి. వేడితో ముద్రించు నా కాగితము కొన్ని మాసములకే యట్లగును. వచ్చిననాడే నకలు తీయింపవలె నని యప్పుడు దెలిసినది. నేనును తోడికోడలును కూర్చుండి, తేదీలవారీగా పేర్చి, నాలుగులక్షల అఱువదివేలను మూడు కుప్పలు చేసితిమి.

మొదటి కుప్ప లక్షతొంబదివేలు: గ్రానైటు, షట్టర్లు. వీనినిగూర్చి యజమానియే వాట్సాపులో "ఈ రంగు బాగున్నది, వేయించుము, రేటెంత?" అని వ్రాసెను, మావాడు రేటు వ్రాసెను, అతడు సరే ననెను. ఇట్టి విద్యుద్రూప లేఖనములను, తగిన ధ్రువపత్రము జతచేసినచో, న్యాయస్థానములు ప్రమాణముగా గైకొనును. 2024 జూలై 1 నుండి యమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమునను ఆ విధి యున్నది. రెండవ కుప్ప లక్షయిరువదివేలు: పై గది. ధర మాట లేదు గాని, తేదీతోగూడిన ఛాయాచిత్రములు, ఇటుకల చలానాలు, మొదటి పటములో నా గది లేదనుటకు పటము గలవు. మూడవ కుప్ప లక్షయేబదివేలు: నీళ్లతొట్టియు, చిల్లరపనులును. వానికి మా మరిది జ్ఞాపకము తప్ప నేదియు లేదు. ఆ తొట్టిలో నేటికిని నీరున్నది, కాగితము లేదు.

ఈ సందర్భమున ప్రభుత్వపు పనులలోని యొక యాచారమును చెప్పవలెను. అచ్చట కొలతల పుస్తక మొకటి యుండును, ఎం-బుక్కు అందురు. దాని పుటలకు సంఖ్యలు ముందే ముద్రింపబడియుండును. ఒక పుట చింపరాదు, వ్రాసినది చెఱుపరాదు, తప్పు వ్రాసిన గీత కొట్టి, సరియైనది వ్రాసి, సంతకము పెట్టవలెను. చేసిన పని యంతయు కొలిచినవాని సంతకముతో నందెక్కినగాని బిల్లు కదలదు. ప్రభుత్వపు బిల్లు లాలస్యమగునని కంట్రాక్టుదారులు మొఱపెట్టుకొందురు. ఆ మొఱ నిజమే. అయిన నెంత పని జరిగిన దను వివాదమున నా పుస్తకము వారికే రక్షణ. ప్రైవేటు పనిలో నట్టి పుస్తకము పెట్టవలదని యెవరును శాసింపలేదు. మనమే పెట్టుకొనుట లేదు. కౌటిల్యుని అర్థశాస్త్రములో లెక్కలకచేరికి అక్షపటలమని పేరు. నిబంధపుస్తకములకు వేఱుగా స్థాన ముండవలెనని యందు జెప్పబడినది. మాయింట నా స్థానము పాత ట్రంకుపెట్టె.

ఇట్టి లెక్కలు స్త్రీలకు సాగునా యని సందేహించువారికి మా బడినే చూపుదును. 2019 నవంబరు 14 న ఆంధ్రప్రదేశ ప్రభుత్వము నాడు-నేడు అను పేర బడుల మరమ్మతు పని నారంభించినది. మొదటి విడతలో 15,715 బడులు. ఆ పనులను కంట్రాక్టుదారుల కీయక, తల్లిదండ్రుల కమిటీలకే యప్పగించిరి. బ్యాంకు ఖాతా కమిటీది, సామాను కొనుట కమిటీది, బిల్లులు దాచి లెక్కకెక్కించుటయు ప్రధానోపాధ్యాయులతో గూడి కమిటీదే. ఆ దినములలో మావారు రాత్రి పదిగంటలవఱకు టైల్సు బిల్లులతోను, మరుగుదొడ్ల కొలతలతోను గూర్చుండెడివారు. ప్రక్కను కమిటీలోని తల్లులు. అందొకామె కొబ్బరిపీచు పనికి బోవునది. చదివినది అయిదవ తరగతి. బిల్లుపై తేదీ లేదని యొకసారి దుకాణమునకు బోయి మఱల వ్రాయించుకొని వచ్చినది. మేము నవ్వితిమి. తరువాత తనిఖీకి వచ్చినవారు మొట్టమొదట అడిగినది ఆ బిల్లునే.

ఇప్పుడు మాయింట జరుగుచున్న పద్ధతిని చెప్పెదను. పని యొక్కంటికి ఒక గుడ్డసంచి. అందు పటము, ఒప్పందము, ధరపత్రము. ధరపత్రములో చేయు పనులతోబాటు చేయని పనులను కూడ వ్రాయుదుము: ప్రహరీగోడ లేదు, బోరు లేదు, కరెంటు మీటరు లేదు, పునాదిలో నీరు పడిన మోటారు అద్దె వేఱు అని. చేయనివాని పట్టిక వ్రాయుట మొదట మా మరిదికి నామోషీగా నుండెను. ఇప్పుడు యజమానులే దానిని ముందుగ చదువుచున్నారు. ధర పదునైదు దినములవఱకే నిలుచునని తుదను వ్రాయుదుము. ఇనుము ధర యంతకంటె నెక్కువ నాళ్లు మాటమీద నిలువదు. సొమ్ము విడతలను, పని ముందుకు సాగుటకు గాక, సామాను కొనవలసిన వేళకు సరిపోవునట్లు కుదుర్చుకొందుము: పునాదికి ముందు కొంత, ఇనుము దింపునప్పుడు కొంత, స్లాబునకు ముందు కొంత. కడపటి బిల్లులో పగుళ్లు, కాఱుడు చూచుకొనుటకై యజమాని పట్టియుంచు నూటికైదును ఏనాటికి తిరిగి యీయవలెనో తేదీతో వ్రాయింతుము. తేదీ లేని యా యయిదు శాతమును పెక్కుమంది మఱచియే పోవుదురు. చేసిన పనికి రావలసిన సొమ్మునకై దావా వేయుటకు 1963 నాటి కాలపరిమితి చట్టము మూడేండ్లే గడువిచ్చుచున్నది. మొగమాటముతో మూడేండ్లు గడచుట యెంతసేపు?

అదనపు పని వచ్చినప్పుడు మాత్ర మొకటే నియమము. పని మొదలిడకముందే యొక చిన్న చీటి: ఏమి పని, ఎంత ధర, ఎన్ని దినము లాలస్యము, ఇరువుర సంతకములు. సంతకమునకు మొగమాటమైనచో సెల్ఫోనులో "తమరు నిన్న చెప్పిన ప్రకారము నీళ్లతొట్టి యిన్ని వేలకు మొదలు పెట్టుచున్నామండి" అని వ్రాసి, జవాబు వచ్చువఱకు పార పట్టరాదు. ఈ వాక్యమును మా తోడికోడలే కూర్చినది. మర్యాద చెడలేదు, మాట తప్పలేదు. వారికి నచ్చనిచో నప్పుడే కాదందురు.

దినచర్యపుస్తకమును గూడ ఆమెయే వ్రాయుచున్నది. ప్రతిరాత్రి భోజనమైన పిమ్మట మా మరిది చెప్పును: ఈ దినమున తాపీవారు నలుగురు, కూలీలు ఆఱుగురు, ఇసుక రెండు లారీలు, మధ్యాహ్నము వాన, రెండుగంటల పని పోయినది. ఆమె వ్రాయును. మొదట నతడు విసుగుకొనుచుండెను. ఇప్పుడు తానే "వాన సంగతి వ్రాసితివా?" అని యడుగుచున్నాడు; గడువు మించిన రోజుకింతయని జరిమానా పట్టు ఒప్పందములలో, వాన కురిసిన దినము వ్రాసియుంచుట విలువ గల పని.

పాత బాకీ సంగతి యేమైనదని యడుగుదురు. మా వారును, ఉభయుల కెఱుకైన యొక పెద్దమనిషియు, మూడు కుప్పల కాగితములను దీసికొని యజమాని యింటికి బోయిరి. అతడు మొదట గట్టిగానే మాటాడెను. వాట్సాపు ప్రతులను చూచి తగ్గెను. మొదటి కుప్ప లక్షతొంబదివేలును పూర్తిగ నిచ్చెను. రెండవ కుప్పకు పటమును చూచి, బేరమాడి, లక్ష యిచ్చెను. మూడవ కుప్పకు "కాగిత మేది?" అని మాత్రమే యడిగెను. మావారు లేచి వచ్చిరి. వెరసి వచ్చినది రెండులక్షల తొంబదివేలు, 2025 దీపావళికి ముందు.

తరువాత నొక గోడౌను పనికి నేను చూచుచుండగా మా మరిది ధరపత్రము వ్రాసెను. నీటి మోటారు, కావలి, వడ్డీ, ఇసుక తఱుగు అన్నియు వేసి, లాభమును 85 చే భాగించి తీసెను. ఆ పని రాలేదు. ఇంకొకరు రెండులక్షలు తక్కువకు ఒప్పుకొనిరట. ఆ రాత్రి యతడు నాతో మాటాడలేదు. నెల దిరుగకముందే వేఱొక వర్తకుడు అదే విధమైన పత్రమును చదివి, చేయని పనుల పట్టికను రెండుమాఱులు చూచి, వేయి రూపాయలైన దగ్గింపుమనకుండ సంతకము చేసెను.

గాజులు ఇంటికి వచ్చినవి. కాసులపేరు ఇంకను బ్యాంకులోనే యున్నది. గోడౌను మొదటి స్లాబు విడత రాగానే విడిపింతుమని లెక్క వేసినాము. ఆ లెక్క దినచర్యపుస్తకము తుదిపుటలో, వడ్డీతో సహా, మా తోడికోడలి చేవ్రాతతో నున్నది.